నాన్న గొంతు పెట్టె

మా నాన్న గొంతు పోయాకే ఇంట్లో అందరికీ ఆయన మాట కావలసి వచ్చింది. గొంతున్న రోజుల్లో ఎవరూ అంతగా అడగలేదు. అడిగినా ఆయన చెప్పేది ఒక్కటే: "చూద్దాం." అన్నయ్య పెళ్ళికి చూద్దాం, నా చదువుకు చూద్దాం, అమ్మ ఆఖరి రోజుల్లో ఆసుపత్రిలో ఉన్నప్పుడు డాక్టరుతో కూడా చూద్దాం. ఊళ్ళో సగం హాళ్ళలో, బడుల్లో మోగే ఆంప్లిఫయర్లు ఆయన చేతి మీదుగా వెళ్ళినవే. ఊరందరి గొంతూ పెంచి బతికిన మనిషి, తన గొంతు పెంచగా నేను ఒక్కసారీ వినలేదు. చిన్నప్పుడు దాన్ని మంచితనం అనుకునేదాన్ని.

గొంతులో కాయ లేచింది. కోసి తీశారు. ప్రాణానికి ఢోకా లేదన్నారు గాని మాటకు హామీ ఇవ్వలేదు. ఆపరేషను తర్వాత ఆయన నోట్లోంచి వచ్చేది గాలి మాత్రమే. మూతి దగ్గర చెవి పెడితే ఆ గాలిలో మాటలు దొరుకుతాయి, రెండడుగులు వెనక్కి జరిగితే వట్టి ఊపిరి.

ఆయన కోసం గొంతు పెట్టె నేనే చేశాను. మా ఇల్లు పైన, షాపు కింద. షాపులో రెండు బల్లలు, ఒకటి నాన్నది, ఒకటి నాది. ఒకప్పుడు అన్నయ్యకూ ఒక బల్ల ఉండేది. పని మొత్తం నేర్చుకున్నాక ఇది తనకు సరిపడదని తేల్చుకుని పక్క గదిలో ఫోన్ల షాపు పెట్టాడు. అది కళకళలాడుతూ ఉంటుంది. మా వైపు వచ్చేవాళ్ళు పారేయడానికి మనసొప్పని పాత సామాను పట్టుకుని వస్తారు, బాగు చేశాక వాళ్ళ మొహం చూడాలి. నాకు ఆ మొహాలు చాలు.

పని నేర్పింది నాన్నే. ట్రాన్సిస్టరంటే మూడు కాళ్ళున్న నల్ల గింజ. ఎమిటర్, బేస్, కలెక్టర్ అని ఆ కాళ్ళకు పేర్లు. గింజ అదే, కానీ ఏ కాలిని లోపలికొచ్చే వైపుకూ బయటికిపోయే వైపుకూ ఉమ్మడిగా పెట్టావన్న దాన్ని బట్టి దాని గుణం మారిపోతుంది. ఎమిటర్‌ను ఉమ్మడిగా పెడితే గొంతు పెంచుతుంది. పెంచుతూనే తలకిందులు చేస్తుంది, లోపల పైకి లేచింది బయట కిందికి దిగుతుంది, మన చెవికి ఆ తేడా తెలియదు. దానికి లేనిదల్లా ఓపిక. స్పీకరు లాంటి బరువు తగిలిస్తే చతికిలపడుతుంది. బేస్‌ను ఉమ్మడిగా పెడితే స్పీకరు తీగ చుట్టలోంచి వచ్చే సన్నటి కదలికను కూడా అందుకుంటుంది. పైన ఇంటికీ కింద షాపుకూ మధ్య మాట్లాడుకునే పెట్టెలో నాన్న దాన్నే పెట్టి, స్పీకరునే మైకుగా వాడాడు. ఇక కలెక్టర్‌ను ఉమ్మడిగా పెట్టామనుకోండి, అది గొంతు ఇసుమంత కూడా పెంచదు. వచ్చింది వచ్చినట్టు అప్పజెబుతుంది. దాన్ని ఫాలోయర్ అంటారు.

"ఏమీ పెంచనప్పుడు అదెందుకు నాన్నా?" అని అడిగాను అప్పట్లో.

"బరువు మొయ్యడానికి," అన్నాడు. అప్పటికింకా గొంతుంది. "ముందున్నది ఎంత గట్టిగా అరిచినా స్పీకరుని కదిలించలేదమ్మా. స్పీకరు తగిలించగానే దాని గొంతు నొక్కుకుపోతుంది. ఇది మధ్యలో నిలబడి ఆ బరువు తన మీద వేసుకుంటుంది. దీనికి పేరు రాదు. తీసేసి చూడు, అప్పుడు తెలుస్తుంది."

ఈ ఇంట్లో నా పనీ అదే గదా అని లోలోపల మురిసిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

గొంతు పెట్టె టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. మెళ్ళో వేసుకునే పట్టీ, చొక్కా కాలరుకు పెట్టుకునే మైకు, ముందు వైపు స్పీకరు. లోపల గొంతు పెంచేవి రెండు, చివర ఫాలోయర్‌గా ఒక లావుపాటిది. ఆ రెంటికీ ఫాలోయర్‌కూ మధ్య ఒక చిన్న జాక్ పెట్టాను. పాత రేడియోలతో వచ్చే ఒంటి చెవి ఇయర్ ఫోన్ అందులో గుచ్చి, అక్కడిదాకా శబ్దం సరిగ్గా వస్తోందా లేదా అని వినడానికి. ఆ ఇయర్ ఫోన్‌కు బరువంటూ ఉండదు, శబ్దం ఎంత సన్నగా ఉన్నా చెవికి చేరుస్తుంది, అందుకే ఫాలోయర్ ఉన్నా లేకపోయినా మోగుతుంది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

నా సోల్డరింగ్, అంటే తీగలు అతికించిన తీరు, చూసిన నాన్న ఎప్పట్లాగే పెదవి విరిచాడు. నేను తీగ చివర్లు మొదట్లోకి కత్తిరించేస్తాను. అన్నయ్యా అంతే. నాన్న మాత్రం తీగ చివరను కొక్కెంలా వంచి, కాస్త పొడుగు వదిలి, అప్పుడు అతికిస్తాడు. "రేపు విప్పేవాడు మనల్ని తిట్టుకోకూడదు," అంటాడు. ముక్కూ మొహం తెలియని మెకానిక్కు తిట్టుకుంటాడేమోనని కూడా బెంగ పెట్టుకునే మనిషి. అన్నయ్యా నేనూ కలిసి నవ్వుకునే సంగతులు తక్కువ, అందులో ఆ కొక్కెం ఒకటి.

పెట్టె ఆన్ చేసి నాన్న మొదటి మాట మాట్లాడగానే వంటింట్లోంచి వదిన గరిటెతో పరిగెత్తుకొచ్చింది. ఆయన అన్నదల్లా "బాగుందమ్మా" అని. నేను షాపులోకి వెళ్ళిపోయి కాసేపు ఏడ్చి వచ్చాను.

అన్నయ్య గోడ సంగతి ఎత్తింది ఆ తర్వాతే. రెండు షాపుల మధ్య గోడ తీసేస్తే ఫోన్ల షాపు రెండింతలవుతుంది. "నిన్ను పొమ్మంటున్నానా బుల్లీ? నీకో మూల కౌంటర్ ఇస్తా. ఫోన్లకి అద్దాలు మార్చు. నీ చెయ్యి మంచిది," అన్నాడు. అతను నిజంగానే నాకు మేలు చేస్తున్నాననుకున్నాడు, అదే నాకు మంట. నా బల్ల, నా మీటర్లు, డబ్బాల్లో రకం రకంగా ఏరి పెట్టుకున్న సామాను, ఇవన్నీ పోయాక నేను అద్దాలు మార్చే మనిషిని. ఆ బల్ల ముందు కూర్చున్నప్పుడే నేనొక మనిషినని నాకు అనిపిస్తుంది. ఇంకెక్కడా అనిపించదు.

ఇల్లూ షాపూ నాన్న పేరు మీద ఉన్నాయి. ఆయన ఊ అంటే గోడ పడుతుంది, ఉహూ అంటే నిలుస్తుంది. నేనూ అన్నయ్యా ఎంతకీ తెగక, పెదనాన్నను పిలిపిద్దాం అనుకున్నాం. ఆయన రైల్వేలో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరైనవాడు. ఆయన గొంతుకు జీవితంలో మైకు అవసరం పడలేదు. ఆయన ముందు నాన్న తన నోటితో ఏదంటే అది ఖాయం. ఈ మాట నేనే పెట్టాను. అన్నయ్య వెంటనే ఒప్పుకున్నాడు. అంత తొందరగా ఎందుకు ఒప్పుకున్నాడా అని నాకు అనుమానం తగిలింది.

ముందురోజు సాయంత్రం నాన్న గదిలోకి మందులు తీసుకెళ్తే, తలుపు దగ్గరగా వెయ్యమని సైగ చేశాడు. పెట్టె స్పీకరు మీద మెత్తటి తువ్వాలు కప్పాడు. ఇయర్ ఫోన్ జాక్‌లో గుచ్చి, రెండో కొస నా చేతికిచ్చాడు. చెవిలో పెట్టుకున్నాను.

"షాపు నీదేనమ్మా," అంది నాన్న గొంతు, నా తలలోనే మాట్లాడుతున్నంత దగ్గరగా. "గోడ పడనివ్వను. రేపు అన్నయ్య ముందు చెప్పేస్తాను. నువ్వు దిగులు పడకు."

అంత పొడుగు మాట ఆయన నాతో అంతకు ముందెన్నడూ మాట్లాడలేదు. పక్క గదిలో వదిన ఉంది కాబట్టి గుట్టుగా చెప్తున్నాడనుకున్నాను. ఆయన చెయ్యి పట్టుకుని కళ్ళకు అద్దుకున్నాను.

పొద్దున్నే పెట్టె పరీక్షించాను. బ్యాటరీ కొత్తది వేశాను. "ఒకటి, రెండు" అంటే గది చివరిదాకా వినపడింది. పెట్టె ఆయన మెళ్ళో వేసి, పెదనాన్నను తీసుకురావడానికి బస్ స్టాండుకు వెళ్ళాను. బస్సు ఆలస్యం. తిరిగి వచ్చి నాన్న గది తలుపు తీస్తే లోపల సోల్డరింగ్ పొగ వాసన. మంచం పక్కన అన్నయ్య నిలబడి కిటికీ తెరుస్తున్నాడు. నాన్న ఉతికిన చొక్కా వేసుకుని, పెట్టెతో సహా కుర్చీలో బుద్ధిగా కూర్చున్నాడు. కింద నుంచి వచ్చిన వాసనేమో అనుకున్నాను. కింద షాపుకు తాళం వేసి ఉందన్న సంగతి అప్పుడు తట్టలేదు.

ముందు గదిలో అందరం చేరాం. వదిన టీ ఇచ్చింది. పెదనాన్న గ్లాసు కింద పెట్టి, "ఏరా తమ్ముడూ, చెప్పు. గోడ ఉండాలా, పోవాలా?" అన్నాడు. వీధిలో వెళ్ళేవాళ్ళు కూడా ఆగి చూసి ఉంటారు.

నాన్న మైకు సర్దుకుని పెదవులు కదిపాడు. స్పీకరు లోంచి చీమ గొణిగినట్టు ఏదో వచ్చింది. శబ్దం బొత్తాం పూర్తిగా తిప్పాను. అంతే. బ్యాటరీ తీసి వేశాను, మైకు తీగ లాగి చూశాను. పెట్టె మీది చిన్న దీపం వెలుగుతోంది, మాట మాత్రం రావడం లేదు.

"అదేదో పాడైతే అయింది. కాగితం మీద రాసివ్వు," అన్నాడు పెదనాన్న. నాన్న కాగితాన్ని పక్కకు నెట్టి, పెట్టె వైపు వేలు చూపించాడు. నా నోటితోనే చెప్తాను అన్నట్టు. ఆ మాత్రం పౌరుషానికే నా కళ్ళు చెమర్చాయి, ఎంత పిచ్చిదాన్నో చూడండి.

"పోనీ తలూపండి నాన్నా," అన్నాడు అన్నయ్య. "గోడ తీసేద్దామా?"

నాన్న తలూపాడు.

"ఉంచుదామా నాన్నా?" అన్నాను నేను.

దానికీ తలూపాడు.

"ఇద్దరికీ ఊపుతాడేంట్రా వీడు," అన్నాడు పెదనాన్న. "గోడ మీద పిల్లి. చిన్నప్పట్నుంచీ ఇంతే."

"నిన్న పొద్దున నాన్న నాతో సరేనన్నారు పెదనాన్నా," అన్నాడు అన్నయ్య.

"అబద్ధం. నిన్న సాయంత్రం నాతో వద్దన్నాడు," అన్నాను.

ఇద్దరం ఆయన వైపు చూశాం. ఆయన పెట్టె వైపు చూస్తున్నాడు. అప్పుడు నాకు పొగ వాసన గుర్తొచ్చింది, కింద తాళం గుర్తొచ్చింది, గదిలో నాన్నతో అన్నయ్య ఒక్కడే ఉన్నాడని గుర్తొచ్చింది. ఒళ్ళంతా భగ్గుమంది.

"నువ్వే చేశావు," అన్నాను. "నేను బస్ స్టాండుకి వెళ్ళగానే పెట్టె విప్పావు. నాన్న నోరు నొక్కేశావు. దొంగవి నువ్వు."

అన్నయ్య మొహం పాలిపోయింది. తప్పు చేసిన మొహం అలాగే ఉంటుందనుకున్నాను. "నేనా? మతిపోయిందా బుల్లీ నీకు?" అన్నాడు.

"చాల్లే, ఆపండి," అన్నాడు పెదనాన్న. ఆయనకు తిరుగు బస్సు ఉంది. "తండ్రి నోరు పనిచెయ్యనప్పుడు తండ్రి తరఫున కొడుకు మాటే మాట. అంగడి నడిపేవాడు వాడు. గోడ తీసెయ్యండి. నువ్వు ఇలా అందరి ముందూ అన్నని పట్టుకుని అంత మాట అనకూడదమ్మా." అంతే. నా బల్ల సంగతి అలా తేలిపోయింది. నాన్న ఏమీ అనలేదు. అనడానికి ఆయన దగ్గర గొంతు లేదు కదా అని జాలి కూడా పడ్డాను.

పెదనాన్నను బస్సెక్కించి వచ్చిన అన్నయ్య సరాసరి నా దగ్గరకొచ్చాడు. "పెట్టె పట్టుకురా. నా ఎదురుగా విప్పు. నా పని అని చూపించు, నేనే గోడ ఆపేయిస్తా," అన్నాడు. కిందికి వెళ్ళి నా బల్ల మీద దీపం వేసి, స్క్రూలు తీసి మూత తెరిచాను.

లావుపాటి ట్రాన్సిస్టర్ లేదు. అది ఉండాల్సిన చోట, బేస్ నుంచి ఎమిటర్‌కు ఒక రాగి తీగ అడ్డంగా వేసి ఉంది. గొంతు పెంచే రెండూ చక్కగానే ఉన్నాయి. స్పీకరు బరువంతా నేరుగా వాటి నెత్తిన పడింది. ఇంకెక్కడా చెయ్యి పడలేదు. తెలిసినవాడు, తొందరపడకుండా చేసిన పని.

తీగ రెండు చివర్లూ కొక్కేల్లా వంచి ఉన్నాయి. కాస్త పొడుగు వదిలి ఉన్నాయి.

అన్నయ్య కూడా చూశాడు. విప్పేవాడు తిట్టుకోకూడదని వదిలిన ఆ కాస్త పొడుగు తీగను చూస్తుంటే నాకు తిట్టడానికి మాట కూడా దొరకలేదు.

"నిన్న పొద్దున నీతో ఎలా చెప్పాడు?" అని అడిగాను.

"చెవిలో ఇయర్ ఫోన్ పెట్టి. నీ ఇష్టం రా, గోడ తీసేయ్, రేపు చెల్లి ముందు నేనే చెప్తాను అన్నారు." అన్నయ్య ఆ కొక్కేన్ని వేలితో తాకాడు. "స్పీకరు మీద తువ్వాలు కప్పి."

"నాకూ తువ్వాలే," అన్నాను.

"ఇవాళ నేను గదిలోకి వెళ్ళేసరికే వాసన. కిటికీ తెరవమని సైగ చేశారు. నువ్వేదో అతికించి వెళ్ళావనుకున్నా. నాన్న పాత సోల్డరింగ్ ఐరన్ ఆ మంచం కిందే ఉంటుందిగా."

పెట్టె పాడుచెయ్యాలంటే బ్యాటరీ తీగ తెంపితే సరిపోయేది. మైకు పీకేస్తే సరిపోయేది. కానీ అప్పుడు ఇయర్ ఫోన్ కూడా పోతుంది. ఆయన తీసింది ఫాలోయర్‌ను ఒక్కదాన్నే. నలుగురికీ వినపడే మాట పోయింది, ఒక్కరి చెవిలో చెప్పే మాట ఉండిపోయింది. జీవితమంతా చూద్దాం, చూద్దాం అంటూ గడిపినవాడికి నేను గది నిండా వినపడే గొంతు చేసిచ్చాను. అంత భయం ఆయనకు నేనే తెచ్చిపెట్టాను. నాకు అబద్ధం చెప్పాడు, అన్నయ్యకు అబద్ధం చెప్పాడు, మేమిద్దరం ఒకరినొకరం దొంగలనుకుంటుంటే టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. మా ఇద్దరిలో ఒకరికి చెడ్డవాడు కావడం కంటే, మేమిద్దరం ఒకరికొకరం చెడ్డవాళ్ళం కావడం ఆయనకు తేలికగా తోచింది.

"మరి గోడ?" అన్నాను.

అన్నయ్య చెప్పుల వైపు చూసుకున్నాడు. "పనివాళ్ళకి రమ్మని చెప్పేశాను. పెదనాన్న కూడా ఒప్పుకున్నారు. ఇప్పుడు మళ్ళీ... చూద్దాం లే బుల్లీ."

అన్నయ్య మొహంలో నాన్న మొహం ఇంత అచ్చుగుద్దినట్టు ఉంటుందని నాకు ఆ క్షణం వరకూ తెలియదు.

డబ్బాలోంచి ఇంకో లావుపాటి ట్రాన్సిస్టర్ తీశాను. కొక్కేలు విప్పాను, నిజమే, సులువుగా వచ్చాయి. ఆ బల్ల మీద నేను చేసిన ఆఖరి పని అది. తీగ చివర్లు మొదట్లోకి కత్తిరించి, మూత బిగించి, పెట్టె పట్టుకుని పైకి వెళ్ళాను. అన్నయ్య వెనకాలే వచ్చి గుమ్మంలో ఆగాడు. పనివాళ్ళు అప్పటికే మెట్ల కింద పలుగులు దించుతున్నారు.

నాన్న కుర్చీలోనే ఉన్నాడు. పెట్టె ఒళ్ళో పెట్టి, మైకు కాలరుకు తగిలించి ఆన్ చేశాను. ఆయన ఊపిరి గది నిండా వినపడింది.

"ఇప్పుడు బాగైంది నాన్నా. ఇద్దరం ఉన్నాం. ఇద్దరికీ వినపడేలా ఒక్కసారి చెప్పు. ఏదైనా సరే. గోడ తీసెయ్యమను, నేను నా సామాను సర్దుకుంటాను. ఒట్టు, నిన్ను ఒక్క మాట అనను. కానీ అన్నయ్య ముందు చెప్పు," అన్నాను.

ఆయన నన్ను చూశాడు. గుమ్మం వైపు చూశాడు. కళ్ళనిండా నీళ్ళు. ఆ నీళ్ళు కూడా మా ఇద్దరికీ సమానంగా పంచాడు. పెట్టెలోంచి ఊపిరి పెద్దగా వస్తోంది, పోతోంది. ఒక మాట మొదలైనట్టే అయింది.

భుజం మీది తువ్వాలు తీసి స్పీకరు మీద కప్పేశాడు. చొక్కా జేబులోంచి ఇయర్ ఫోన్ తీసి, చిక్కు విప్పి, జాక్‌లో గుచ్చాడు. రెండో కొస నా వైపు చాపాడు. దగ్గరకు రమ్మని తలతో సైగ చేశాడు.

కింద మొదటి దెబ్బ పడింది. గోడ పైదాకా అదిరింది. నా బల్ల గోడకు ఆనించే ఉంటుంది.

నాన్న చెయ్యి ఇంకా చాపే ఉంది. నేను ఇయర్ ఫోన్ అందుకోలేదు.